ఆ నోటుపుస్తకం పక్కన పెట్టు బిడ్డా

కేతేపల్లి
ఆదివారం, మాపటి పూట

చిన్నీ, బిడ్డా,

నేను మంచిగున్న. మీ అమ్మ మంచిగనే ఉన్నది, మోకాలి నొప్పి మాత్రం తగ్గలేదు. పోయిన వారం మీ పట్నంల వానలు దంచినయ్ గద, ఆ నీళ్లన్నీ మూసీ పట్టుకొని మన దిక్కు వచ్చినయ్. ప్రాజెక్టు నిండింది, గేట్లు ఎత్తిన్రు. ఊళ్లె పిల్లలంత బండ్ల మీద చూడపోయిన్రు. మీ నాయన మాత్రం చూడపోలేదు. పార భుజాన ఏసుకొని కాల్వ దిక్కు పోయిండు.

మొన్న రాత్రి నువ్వు ఫోన్ల ఏడ్చినవ్. నేను ఏదో ఒకటి చెప్పి ఊకో అన్న. ఫోన్ పెట్టినంక నాకు నిద్ర పట్టలేదు. ఎదురుంగ లేని పిల్లకు ఫోన్ల ఏం చెప్తం? అందుకే కాగితం ముందటేసుకున్న. ఓపికగ చదువు, మధ్యల ఆపకు.

ముందుగాల తిట్టాల్సింది తిడత. ఇరవై ఒక్క దినాల ఉపవాసమా? అదీ నైట్ డ్యూటీ చేసుకుంట? వార్డుల కళ్లు తిరిగి పడ్డవని నీ రూమ్మేట్ చెప్తే మాకు తెలిసింది. నువ్వు చెప్పలేదు. రోగికి సెలైన్ ఎక్కించే చెయ్యి ఆకలికి వణికితే ఆ రోగి గతేంది? ఆ మంచం మీద ఉన్నది మీ అమ్మ అనుకో. సరే, ఇగ తిట్టను. ఏడ్వకు. నీ మీద కోపంతోని కాదు, నువ్వు పడ్డవన్న మాట ఇన్నప్పటి సంది నా కడుపుల ఏదో తిప్పినట్టు ఉన్నది.

నువ్వు చెప్పిన ఆ నోటుపుస్తకం సంగతి నన్ను ఇంక ఎక్కువ భయపెట్టింది. పొద్దున ఎన్ని నిమిషాలు ప్రార్థన, ఎన్ని అధ్యాయాలు, ఎంతమందికి సువార్త చెప్పిన, ఎన్నిసార్లు కోపం వచ్చింది, అన్నీ గీతలు కొట్టి రాసుకుంటున్నవ్. నెలాఖరుకు కూడి చూసుకొని, ఇంక సరిపోలేదని మల్ల ఉపవాసం. నీ ఫెలోషిప్‌ల పిల్లలకు అన్యభాషలు వచ్చినయ్, నీకు రాలేదు. కాబట్టి నీల పరిశుద్ధాత్మ లేడు, కాబట్టి నీ రక్షణే నిజమో కాదో. "ఇంక ఎంత చెయ్యాలె పెద్దమ్మా?" అని అడిగినవ్.

ఆ పుస్తకం నాకు తెలుసు చిన్నీ. అసొంటిది నా దగ్గర గూడ ఉండె.

నీకు ఎవ్వరూ చెప్పని సంగతి ఒకటి చెప్త. మీ అమ్మ చెప్పదు, ఆమె గుణం నీకు తెల్సు. 1999ల నేను నల్గొండల టీచర్ పని చేస్తున్న. మా అమ్మకు, అంటే మీ అమ్మమ్మకు, పక్షవాతం వచ్చి మంచం పట్టింది. ఈడ కేతేపల్లిల మీ అమ్మే చూసుకునేది. నాకేమో అప్పుడు ఆత్మీయత మీద మస్తు పట్టుదల. శ్రమల కాలమంత నలబై దినాలు ఒంటిపూట తిండి. శుక్రవారం వస్తే తెల్లందాక ప్రార్థన. ఎర్ర అట్ట పుస్తకంల అన్నీ రాసుకునేదాన్ని. నెలకొకసారి ఊరికి వచ్చి, మంచం పక్కన నిలబడి ఉపవాస ప్రార్థన చేసి, మల్ల బస్సెక్కేది. ఒకనాడు మీ అమ్మను అడిగిన, నాలుగు ఆదివారాల సంది గుడికి ఎందుకు వస్తలేవని పాస్టరమ్మ అంటున్నది, ఏంది సంగతి అని. ఆమె అమ్మ బట్టలు పిండుతున్నది. తల ఎత్తలేదు. నేను నిలబడే ఉండి, "నీల ఇంక ఆత్మ లేదు చెల్లె, ఉంటే ఇట్ల ఉండవు" అన్న. ఆ మాట అన్నది నేను. ఇదే నోరు.

రెండు వారాలకు ఒక శుక్రవారం రాత్రి అమ్మ పోయింది. నేను అప్పుడు నల్గొండల రాత్రి ప్రార్థనల ఉన్న. పొద్దుగాల కబురు వచ్చింది. ఆ రాత్రి నా పుస్తకంల ఏడు గంటల ప్రార్థన రాసి ఉన్నది. మీ అమ్మ ఆ ఏడు గంటలు అమ్మ తల ఒళ్లె పెట్టుకొని కూసున్నది.

ఇదంతా నిన్ను ఏడిపియ్యనీకి రాస్తలేను. లెక్క రాసుకునే మనిషికి పక్క మనిషి లెక్క గూడ కనపడుడు మొదలైతది. అది నాకు తెలియకుంటనే జరిగింది. నీకు జరుగొద్దు.

నువ్వు ఒక్కదానివే ఈ గుంతల పడలేదు బిడ్డా. నీ పదో తరగతి సెలవులల్ల మనం మెదక్ గుడి చూడపోయినం, యాదున్నదా? 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేసిన గుడి. దాన్ని కట్టించిన పాస్నెట్ దొర వెస్లియన్ మిషన్ ఆయన. ఆ వెస్లీ ఎవరో తెలుసా? జాన్ వెస్లీ ఇంగ్లండుల పాదిరి. చదువుకునే రోజులల్ల ఆయనా, స్నేహితులూ బుధవారం, శుక్రవారం ఉపవాసం ఉండేటోళ్లు. జైళ్లకు పోయి ఖైదీలకు వాక్యం చెప్పేటోళ్లు. గంట గంటకు ఏం చేసిండో డైరీల రాసుకునేటోడు ఆయన. నీ పుస్తకం ఆయన పుస్తకం ముందల ఎంత! 1735ల జార్జియాకు మిషనరీగ ఓడెక్కిండు. సముద్రంల తుఫాను లేస్తే ఆయనకు చావంటే భయం పట్టింది. అదే ఓడల జర్మనీ మొరేవియన్ విశ్వాసులు పిల్లాజెల్లతోని నిమ్మళంగ కీర్తనలు పాడుతున్నరు. అది చూసి ఆయన గుండె గుబేలుమన్నది. అంత చేసినా తన దగ్గర లేనిది వాళ్ల దగ్గర ఏదో ఉన్నదని తెలిసింది. జార్జియాల పని చెడి తిరిగొచ్చినంక, 1738 మే 24 రాత్రి, లండన్‌ల ఆల్డర్స్‌గేట్ వీధిల ఒక చిన్న కూటంల, రోమా పత్రికకు లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతుంటే, ఊకెనే కూసొని ఇంటుంటే, క్రీస్తు తన పాపాలనే తీసేసిండని ఆయనకు నమ్మకం కలిగింది. ఏ ఉపవాసం బలంతోని కాదు. ఏ తుఫాను మధ్యల కాదు. ఇంటుండంగ.

అయితే ఆ తర్వాత కాళ్లు జాపుకొని కూసున్నడా? లేదు. యాభై ఏండ్లు గుర్రం మీద తిరిగిండు. రెండున్నర లక్షల మైళ్లు తిరిగిండంటరు. ముందుకన్న ఎక్కువ చేసిండు. కాని ముందుగాల దేవుని దగ్గరికి పోయేటందుకు చేసిండు, తర్వాత దేవుని దగ్గరికెల్లి వస్తూ చేసిండు. ఈ తేడా పట్టుకో.

ఈ కొట్లాట మీ హాస్టల్ల పుట్టింది కాదు. పదహారు వందల ఏండ్ల కింద పెలాగియస్ అనేటాయన, మనిషి గట్టిగ తలుచుకుంటే పాపం లేకుంట బతుకొచ్చని చెప్పిండు. అగస్టీను కాదన్నడు. ఆ తలుచుకునే మనసే వంకర పోయింది, దాన్ని ముందు కృప ముట్టాలె అన్నడు. 418ల కార్తేజు సభ పెలాగియస్ మాట తప్పని తీర్పు చెప్పింది. వెయ్యేండ్లు దాటినంక 1520లల్ల లూథర్, ఎరాస్మస్ మల్ల ఇదే సంగతి మీద పుస్తకాలు రాసుకున్నరు. పెద్ద పెద్దోళ్లు తేల్చుకోలేక అలిసిన సంగతి ఇది. ఇరవై రెండేండ్ల పిల్లవు, నైట్ డ్యూటీ నడుమ రాత్రి మూడింటికి ఒక్కదానివే తేల్చాలనుకుంటున్నవ్. ఎట్ల తెల్లారుతది చెప్పు?

మనోళ్ల కథ గూడ చెప్త. నల్గొండకు 1890ల కాలంల రష్యా మెన్నోనైట్ సంఘాలకెల్లి అబ్రహాం ఫ్రీసెన్ దొర వచ్చి పనిచేసిండు. ఆ వెనుక సూర్యాపేటల హూబర్ట్ దొర. వాళ్లు కలిసి పనిచేసింది అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తోని, ఒంగోలు క్లౌ దొర మిషన్ అదే. ఆ క్లౌ దొర కథ నాకు ఎప్పుడు యాదొచ్చినా మనసు నిలువదు. 1876కెల్లి 78దాక పెద్ద కరువు. మాదిగపల్లెలల్ల పుట్లకొద్దీ పీనుగులు. ఆయన ముందుగాల సర్వే పని నేర్చిన మనిషి. బకింగ్‌హాం కాల్వల మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు పట్టిండు. వేలమంది అక్కడికి వచ్చి మన్ను మోసి గింజలు తెచ్చుకున్నరు. ఆయన బోధకులే మేస్త్రీలు. పని ఆపి కూసున్నప్పుడు యేసు కథ చెప్పేటోళ్లు. బాప్తిస్మం ఇయ్యమని జనం అడిగిన్రు. ఆయన ఇయ్యలేదు. కూలి కోసం వస్తున్నరో ప్రభువు కోసం వస్తున్నరో ఎట్ల తెలుస్తదని, కరువు సాయం నడిచినన్ని దినాలు ఆపిండు. సాయం ఆగిపోయింది. ఇచ్చేటందుకు ఇగ ఏం లేదు. అప్పుడు వచ్చిన్రు జనం. 1878 జులై 3 నాడు గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి కాడ 2,222 మంది బాప్తిస్మం పొందిన్రు. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లల్లకు దిగి మార్చి మార్చి ఇచ్చిన్రు. జూన్ నడుమకెల్లి జులై ఆఖరుదాక చూస్తే 8,691 మంది.

ఆ దొర కాల్వ తవ్విచ్చిండు, గింజలు ఇచ్చిండు, మల్ల ఆపిండు. ఆయన చెయ్యగలిగింది అంతే. ఆ రెండు వేల గుండెలల్ల ఏం జరిగిందో ఆయన చేతులల్ల లేదు. ఇప్పటికీ కొందరు బియ్యం కోసం మారిన్రని మనల్ని అంటరు. నువ్వు గూడ కాలేజీల ఇన్నవ్. మా నాయనమ్మకు ఈ మాట అంటే కోపం వచ్చేది కాదు. "ఆకలి తోలుకొచ్చింది. ఆయన ఉంచుకున్నడు" అనేది. ఏ బైబిల్ స్కూల్ల చదవలేదు ఆమె.

ఆ ఒంగోలు పనికి మొదటి మనిషి యెర్రగుంట్ల పేరయ్య, తాళ్లకొండపాడు మాదిగాయన. క్రీస్తు పేరు ఇనకముందే ఆయన దేవుని కోసం వెతికిన మనిషి. గురువుల దగ్గర యోగం నేర్చి, కూసొని సాధన చేసిండు. క్లౌ దొరసాని ఎమ్మా రౌషెన్‌బుష్ 1899ల అచ్చేసిన పుస్తకంల ఆయన సంగతి వివరంగ ఉన్నది. 1866ల బాప్తిస్మం పొందినంక ఊరూరు కాలినడకన తిరిగిండు. ఆయన కథ చదివినప్పుడు నాకు అనిపిస్తది, ఆ ముందు వెతుకులాట గూడ వ్యర్థం కాలేదని. ఆ దాహం ఎవరు పెట్టిండు ఆయనల? అదే పేరయ్యను ఇయ్యాల మన లెక్కల పుస్తకంల పెడితే ఏ గడిల రాస్తం? ఆత్మ ఎప్పటి సంది పనిచేసింది, బాప్తిస్మం నాటి సందా, యోగం నేర్చిన నాటి సందా? ఆయన కథ మొదటిసారి చదివినప్పుడే నాకు నా పుస్తకం మీద అనుమానం వచ్చింది.

పౌలు గలతీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయం మల్ల చదువు. ఆయన నాకన్న గట్టిగ తిడతడు. ఆత్మతోని మొదలుపెట్టి, ఇప్పుడు సొంత బలంతోని పూర్తి చేస్తరా అని అడుగుతడు. అదే పత్రిక అయిదో అధ్యాయంల ఆత్మకు గుర్తుగ ఏం చెప్పిండో చూడు. ప్రేమ, సంతోషం, సమాధానం, ఓర్పు. దాన్ని ఫలం అన్నడు, కూలి అనలేదు. కూలి సాయంత్రానికి చేతిల పడాలె. పండు దాని కాలానికి అది వస్తది. అన్యభాషల సంగతి అంటవా, తప్పనను. వచ్చినోళ్లను ఎగతాళి చెయ్యకు. కాని అందరూ మాట్లాడుతరా అని కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పన్నెండో అధ్యాయంల పౌలే అడిగిండు. కాదనే జవాబు ఆ ప్రశ్నలనే ఉన్నది.

2019 అక్టోబరుల మన మూసీ గేటు ఒకటి ఊడి కొట్టుకపోయింది, నువ్వు ఇంటర్ల ఉన్నవ్. ఎంత నీరు, ఎంత హోరు! చూడనీకి జనం విరగబడ్డరు. ఆ నీళ్లు ఒక్క మడి తడపలేదు బిడ్డా, ఏట్ల పోయినయ్. మన పొలానికి వచ్చే నీళ్లకు చప్పుడు ఉండదు. తూముకాడ చెవి పెడితే తప్ప ఇనపడదు. నీల చప్పుడు లేదని నీళ్లు లేవనుకోకు.

ఈ కాల్వ సంగతి ఇంకో తీరుగ గూడ చెప్పేదాన్ని. సండే స్కూల్ పిల్లలకు ఎన్నేండ్లు చెప్పిన్నో. నీళ్లు తెచ్చేది రైతు కాదు, కాని పిల్లకాల్వల జమ్ము కోసి పూడిక తియ్యకుంటే మడికి రావు, అట్లనే దేవుడు ఆత్మను ఇస్తడు, మనం అడ్డం తియ్యాలె అని. మంచిగనే ఉంటది ఇననీకి. ఇప్పుడు నాకు అది సాలదనిపిస్తది. ఎందుకంటే అట్ల చెప్తే పాలుకు ఇచ్చిన పొలం లెక్క అయితది. ఆయన పాలు ఇంత, నా పాలు ఇంత అని. నా పాలు సరిగ చేసిన్నా లేదా అని మల్ల పుస్తకం తెరుస్తం. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం పన్నెండు, పదమూడు వచనాలు పక్కపక్కన పెట్టి చదువు. భయంతోని వణుకుతోని మీ రక్షణ కొనసాగించుకోండ్రి అంటడు. ఆ మాట ఆగకముందే, మీరు అనుకునేటట్టు, చేసేటట్టు మీలోపల పనిచేసేది దేవుడే అంటడు. సగం సగం అనలేదు. అంతా నువ్వే చెయ్యి, అంతా ఆయనే చేస్తున్నడు అన్నడు. నాకు ఇది తలకెక్కలేదు చానా ఏండ్లు. ఒకసారి జరిగినంక తెలిసింది.

అమ్మ పోయినంక మీ అమ్మకూ నాకూ మాటల్లేవ్. నేను పుస్తకం పొయ్యిల పెట్టిన. అయితే ఒక తప్పు ఇడిచి ఇంకో తప్పు పట్టుకున్న. అంతా ఆత్మే చేస్తది, మనం చేసేది ఏం లేదని ఎవరో చెప్తే అది నాకు తీయగ అనిపించింది. చెల్లె దగ్గరికి పోయి తప్పయిందని చెప్పాలె. ఆత్మ ప్రేరేపించినప్పుడు పోత అనుకున్న. నెల, ఆరు నెలలు, ఏడాది. ప్రార్థనల ఏడ్చేదాన్ని, కాని కాలు కదలలేదు. ప్రేరేపణ రాలేదంటే రాలేదు. మూడేండ్లు అట్లనే పోయినయ్. అది భక్తి కాదు చిన్నీ. సిగ్గు. దానికి ఆత్మ పేరు పెట్టుకున్న. నువ్వు రేపు ఈ ఉత్తరం చదివి, పెద్దమ్మ చెప్పింది గద అని ప్రార్థన, వాక్యం అన్నీ ఇడిచిపెట్టి కూసుంటవేమోనని గూడ నాకు భయమే. అట్ల చెయ్యకు.

2002ల ఒకనాడు సూర్యాపేటల పెండ్లికి పోతున్న. నల్గొండ బస్సు, టికెట్టు సూర్యాపేటకే. నకిరేకల్ దాటింది. కేతేపల్లి స్టేజీ కాడ ఎవరో ముసలామె దిగుతుంటే బస్సు ఆగింది. నేను లేచిన. ఎవ్వరు లెవ్వుమనలేదు, ఏ స్వరం ఇనలేదు, ఒళ్లు జలదరించలేదు. లేచి, పెండ్లికి తెచ్చిన స్టీలు గిన్నె సంచితోని దిగిన. ఇంటికి పోయేటప్పటికి మీ అమ్మ వాకిట్ల బియ్యం చెరుగుతున్నది. నన్ను చూసి చాట కింద పెట్టింది. నేను మూడేండ్ల సంది దాచుకున్న మాట ఒక్కటి గూడ బయటికి రాలేదు. "అన్నం తిన్నవా అక్కా" అన్నది. నేను గడప మీదనే కూలబడి ఏడ్చిన. లోపలికి పోయి ఆర్నెల్ల పిల్లను తెచ్చి నా ఒళ్లె ఏసింది. అది నువ్వే.

ఆనాడు బస్సుల లేచింది నా కాళ్లే. నేనే లేచిన. కాని ఆ కాళ్లను మూడేండ్లు లేపాలని చూసి నేను లేపలేకపోయిన్నని నాకు తెలుసు. ఇందుల ఎవరి పాలు ఎంతో ఇరవై ఏండ్ల సంది పంచలేకపోతున్న. ఇగ పంచుడు ఆపేసిన.

నువ్వు "ఇంక ఎంత చెయ్యాలె" అని ఏడుస్తున్నవ్ గద, ఆ ఏడుపు ఎక్కడిది? ఆత్మ లేని మనిషి ఆత్మ కోసం ఏడుస్తదా? మనకు ప్రార్థన చేయ చేతకానప్పుడు ఆత్మ మూలుగుతదని రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంల ఉన్నది. మొన్న రాత్రి ఫోన్ల నాకు ఇనపడ్డది ఏడుపే కాదేమో అనుకుంటున్న.

ఇగ పని మాటలు. ఉపవాసం ఇయ్యాలనే ఇడువు. డ్యూటీకి పోయేముందు అన్నం తిను, పెరుగు తిను. ప్రార్థన మానకు, కాని టైము చూసుకోకు. వార్డుల రాత్రిపూట మంచం మీద బట్ట మార్చేటప్పుడు, మీ అమ్మ యాదికొస్తే, అప్పుడు ఒక మాట ప్రభువుతోని మాట్లాడు. అన్యభాషలు వచ్చిన నీ స్నేహితురాళ్లతోని తెంపుకోకు, వాళ్లూ పిల్లలే, వాళ్లకు వచ్చింది వాళ్లు చెప్తున్నరు. మరీ ఒత్తిడి చేస్తే నాలుగు ఆదివారాలు వేరే గుడికి పో. తప్పు కాదు. కళ్లు తిరిగినందుకు రక్త పరీక్ష చేయించుకో. నర్సువై ఉండి నీకు నేను చెప్పాల్సి వచ్చింది చూడు.

ఆ పుస్తకం నాకు పంపియ్యి. కాల్చను, ఒట్టు. మిగిలిన పేజీలల్ల మీ అమ్మ పాల లెక్క రాసుకుంటదట.

మీ అమ్మ పక్కన కూసొని, ఏం రాస్తున్నవ్ ఇంతసేపు అంటున్నది. చదివి ఇనిపియ్యలేదు. బుధవారం మీ నాయన పట్నం వస్తుండు, దిల్‌సుఖ్‌నగర్ కాడికి రా. సకినాలు, మాగాయ, పచ్చజొన్న పిండి పంపుతున్న. వచ్చే నెల రెండు దినాలు సెలవు దొరికితే విజయవాడ బస్సు ఎక్కు, కొర్లపహాడ్ టోల్ దాటకముందే ఫోన్ చెయ్యి, స్టేజీ కాడికి నేనే వస్త. మీ అమ్మ మోకాలు మంచిగ లేదు, రానియ్యను అంటే ఇంటలేదు.

నీ పెద్దమ్మ